జైసల్మేర్ ఎడారిలో టెంటు ఎంచుకోవడం: ఫొటోలో కనిపించని లెక్కలు

మేము మొదటిసారి జైసల్మేర్ వెళ్లినప్పుడు సమ్ ఇసుక తిన్నెల దగ్గర తీసుకున్న టెంటు, నిజం చెప్పాలంటే, ఫొటోలో ఎలా ఉందో అచ్చం అలాగే ఉంది. అద్దకం గుడ్డ లైనింగు, పందిరి మంచం, ఇత్తడి దీపం, బాత్‌రూమ్‌లో రాగి రంగు వాష్‌బేసిన్, ఎక్కడా మోసం లేదు. కాకపోతే రాత్రి పదకొండు దాటినా పక్క క్యాంపులో డీజే మోగుతూనే ఉంది, అది ఆగాక జనరేటర్ చప్పుడు అంతకంటే స్పష్టంగా వినపడింది, మధ్యలో మనవాళ్లెవరో అడిగి పెట్టించుకున్నట్టున్నారు, రెండు తెలుగు పాటలు కూడా వచ్చాయి. మా నాన్న రజాయి ముసుగులోంచే "దీనికి మన ఊరి జాతర చాలదటే? ఇంత దూరం రావాలా?" అన్నారు. అమ్మ మాట్లాడలేదు. అమ్మ మాట్లాడకపోతే అది ఇంకా పెద్ద కంప్లైంటు.

గ్లామర్‌నీ క్యాంపింగ్‌నీ కలిపి కుట్టిన మాట గ్లాంపింగ్. పడుకోవడం టెంటులోనే కానీ మెత్తటి పరుపు ఉండాలి, ఊరు ఎడారే కానీ గీజర్ పనిచేయాలి. ఈ కోరికలు ఒకదానికొకటి అడ్డం పడతాయి, తికమకంతా అక్కడే మొదలవుతుంది. సౌకర్యం కావాలంటే కరెంటు, ట్యాంకర్ నీళ్లు, రోడ్డు, పనివాళ్లు ఉండాలి. అవన్నీ ఉన్న చోటికి ఇంకో ఇరవై క్యాంపులు కూడా వస్తాయి. అవి వచ్చాక చీకటి పోతుంది, నిశ్శబ్దం పోతుంది. మనం అంత దూరం వెళ్లేది ఆ చీకటి కోసం, ఆ నిశ్శబ్దం కోసం. బుకింగ్ సైట్లు చూపించేది మాత్రం పరుపునీ కర్టెన్లనీ. అందుకే టెంటు లోపలి ఫొటోలకు పది నిమిషాలు పెడితే, బయట ఏముందో తెలుసుకోవడానికి గంట పెట్టండి అంటాను నేను.

ముందు నేల సంగతి. థార్ అనగానే కనుచూపు మేర ఇసుకే అనుకుంటాం కానీ, జైసల్మేర్ నుంచి బయల్దేరాక చాలాసేపు కనపడేది రాతి నేల, తుప్పలు, మేకల మందలు, గాలిమరలు. తిన్నెలు పట్నానికి పడమరగా 40 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో సమ్ దగ్గర ఒక పట్టీలా ఉంటాయి. నైరుతి వైపు దాదాపు 50 కిలోమీటర్లు వెళ్తే ఖూరీ అనే ఊరి పక్కన ఇంకొన్ని ఉన్నాయి. మనలాంటివాళ్లు దిగే క్యాంపుల్లో ఎక్కువ భాగం సమ్ వెళ్లే రోడ్డు పొడవునా, ఖూరీ చుట్టుపక్కలా ఉంటాయి. అడ్రసులో సమ్ శాండ్ డ్యూన్స్ అని రాసుకున్న క్యాంపు నిజానికి తిన్నెలకు కొన్ని కిలోమీటర్ల ముందే, రోడ్డు పక్కన చదును నేల మీద ఉండొచ్చు. టెంటు తలుపు తీస్తే ఎదురుగా ఇంకో టెంటు తలుపు కనపడుతుంది. సాయంత్రం మిమ్మల్ని జీపులోనో ఒంటె బండిలోనో తిన్నెల దాకా తీసుకెళ్లి, సూర్యాస్తమయం చూపించి వెనక్కి తెస్తారు. అది తప్పేమీ కాదు, చాలామందికి అది చాలు కూడా. తెలియక డబ్బు కడితేనే మనసు కష్టపెట్టుకుంటాం.

దీన్ని కనిపెట్టడానికి మంచి ఉపాయం ఫోన్‌లోనే ఉంది. క్యాంపు పేరు మ్యాప్‌లో వెతికి శాటిలైట్ వ్యూ పెట్టండి. తిన్నెలున్న చోట నేల లేత రంగులో, అల్లిన చాపలాగా గీతలు గీతలుగా కనపడుతుంది, రాతి నేల మచ్చలు మచ్చలుగా ముదురు రంగులో ఉంటుంది. తెల్లగా చుక్కలు వరసగానో గుండ్రంగానో ఉంటే అవి టెంట్లు, మధ్యలో ఉన్న గుండ్రం సాయంత్రం ఆట, పాట జరిగే స్టేజీ. మీ క్యాంపు నుంచి చాప గీతల దాకా ఎంత దూరమో, మీ గుండ్రం పక్కన ఇంకెన్ని గుండ్రాలున్నాయో లెక్కపెట్టండి. అర కిలోమీటరు లోపల నాలుగైదు స్టేజీలుంటే మీ క్యాంపు యజమాని ఎంత మంచివాడైనా మీ నిద్ర అతని చేతిలో ఉండదు. ఎడారిలో అడ్డుగా గోడల్లేవు, చెట్లు లేవు, శబ్దం ఎంత దూరమైనా వస్తుంది.

సమ్‌కీ ఖూరీకీ తేడా ఒక్క ముక్కలో చెప్పాలంటే సమ్ తిరునాళ్లు, ఖూరీ పల్లెటూరు. సమ్‌లో తిన్నెలు పెద్దవి, ఎక్కువ. జీపులు, క్వాడ్ బైకులు, పారాసెయిలింగ్, ఒంటెల బారులు, టీ, మ్యాగీ అమ్మేవాళ్లు, అన్నీ అక్కడే. పిల్లలతోనో పదిమంది ఫ్రెండ్స్ గ్యాంగ్‌తోనో వెళ్తే సమ్ బోర్ కొట్టదు. ఖూరీలో తిన్నెల మేర తక్కువ, జనం కూడా తక్కువ, మట్టి గోడలూ గడ్డి కప్పూ ఉన్న గుండ్రటి గుడిసెల్లో బస దొరుకుతుంది, సాయంత్రం పాటగాళ్లు వచ్చినా ఎక్కువగా మైకుల్లేకుండానే పాడతారు. రెండు చోట్లా ఇంకో రకం కూడా ఉంది: ఒంటె మీద బాగా లోపలికి వెళ్లి, తిన్నె మీదే నులక మంచం వేసుకుని, రెండు రజాయిలు కప్పుకుని ఆరుబయట పడుకోవడం. అందులో గ్లామర్ ఏమీ లేదు, బాత్‌రూమ్ కూడా లేదు. మోకాళ్లు, నడుము బాగున్న వయసులో ఉంటే మాత్రం లగ్జరీ టెంటు కంటే నా ఓటు దానికే.

ఇక టెంటు. మీరు చూసేవాటిలో చాలావరకు స్విస్ టెంట్లు, అంటే ఇనుప గొట్టాల ఫ్రేము మీద పైన మందపాటి కాన్వాసు, లోపల ఇంకో పొర గుడ్డ, ముందు జిప్పు తలుపు, వెనకాల అతికించినట్టు ఒక బాత్‌రూమ్. రెండు పొరల మధ్య గాలి ఉంటుంది కాబట్టి ఒంటిపొర టెంటు కంటే చలి, ఎండ రెండూ కొంచెం తక్కువగా దిగుతాయి. ఇప్పుడు కొత్తగా వచ్చిన గుండ్రటి డోములు, ముందు పారదర్శకమైన షీటుతో, ఫొటోల్లో అదిరిపోతాయి, మంచం మీద నుంచే నక్షత్రాలు అని రాస్తారు. రాత్రి లోపలి వేడికి ఆ షీటు మీద ఆవిరి పడితే ఏ నక్షత్రమూ కనపడదు, పొద్దున ఎండ ఎక్కాక అదే షీటు లోపలికి వచ్చిన వేడిని బయటికి పోనివ్వదు. మార్చిలోనో అక్టోబర్‌లోనో డోము తీసుకుంటే ఏసీ ఉందా, అది పగలు కూడా నడుస్తుందా అని అడగకుండా డబ్బు కట్టకండి. మట్టి కాటేజీ ఫొటోకి అంత అందంగా ఉండదు, కానీ మందపాటి మట్టి గోడ ఆ ఊరివాళ్లు తరతరాలుగా చూసి పెట్టుకున్న ఏర్పాటు. పెద్దవాళ్లతో వెళ్తే ఇంకేమీ ఆలోచించకుండా అదే తీసుకోండి.

చలి గురించి మనవాళ్లకు సరైన అంచనా ఉండదు, నాకూ లేదు. డిసెంబర్, జనవరిలో అక్కడ పగలు 23, 24 డిగ్రీలు ఉంటుంది, టీషర్టుతో తిరుగుతాం, ఎడారే కదా అనుకుంటాం. రాత్రి 8 డిగ్రీల దగ్గరికి పడిపోతుంది, కొన్ని రాత్రులు ఇంకా కిందికి. దీనికి కారణం తేమ లేకపోవడం. పగలంతా నేల తాగిన వేడి రాత్రి పైకి వెళ్లిపోతూ ఉంటుంది. మన కోస్తాలో గాలి నిండా ఉన్న నీటి ఆవిరి దాన్ని పట్టుకుని మళ్లీ కిందికి పంపిస్తుంది, అందుకే కాకినాడలోనో నెల్లూరులోనో వేసవి రాత్రి కూడా ఉక్కపోత. జైసల్మేర్ గాలిలో ఆ దుప్పటి పల్చన, పైగా పొడి ఇసుక వేడిని లోతుకు దాచుకోదు, పైపైనే వేడెక్కి పైపైనే చల్లారిపోతుంది. పొద్దుగూకిన గంటకే చెప్పుల్లో కాళ్లు జివ్వుమంటాయి. స్వెటర్ చాలదు, మంకీ క్యాపు, మేజోళ్లు ఉండాల్సిందే. రూమ్ హీటర్ ఉందని రాసినా, రాత్రంతా కరెంటు ఉంటుందో, జనరేటర్ ఆపేశాక హీటరూ ఆగిపోతుందో అడగండి. ఒక్క విషయం గట్టిగా చెప్తాను: ఎంత చలేసినా బొగ్గుల కుంపటిని మూసిన టెంటులోకి తేనివ్వకండి. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

నీళ్లు. ఏడాది మొత్తానికి 200 మిల్లీమీటర్లు అటూఇటూ వాన పడే ఊరు అది, హైదరాబాద్‌లో 800 దాకా పడుతుంది. చాలా క్యాంపులకు ట్యాంకరే దిక్కు. 24 గంటలూ వేడినీళ్లు అని రాసిన దగ్గర కూడా పొద్దున ఎనిమిదింటికి అన్ని టెంట్లవాళ్లూ ఒకేసారి కుళాయి తిప్పితే ఏమవుతుందో ఊహించుకోండి. మా మొదటి క్యాంపులో మా ఆయన తలకు షాంపూ పెట్టుకున్నాక నీళ్లు ఆగిపోయాయి, కుర్రాడు పరిగెత్తుకుంటూ వచ్చి రెండు బకెట్లు ఇచ్చాడు, పాపం వాడి తప్పేముంది. బకెట్ వేడినీళ్లు ఇస్తాం అని ముందే చెప్పే క్యాంపు నిజాయితీ గలది అని నాకు ఇప్పుడు అనిపిస్తుంది. అంత నీటి కరువులో స్విమ్మింగ్ పూల్ ఉన్న క్యాంపు కావాలో వద్దో మీ ఇష్టం, నాకైతే ఆ నీళ్లలో దిగబుద్ధి కాలేదు.

రేటు దగ్గరికి వద్దాం. ఇక్కడ ధర ఎప్పుడూ ప్యాకేజీగా చెప్తారు: బస, రాత్రి భోజనం, పొద్దున టిఫిను, ఒంటె సవారీ, సాంస్కృతిక కార్యక్రమం. మొదట తేల్చుకోవాల్సింది అది టెంటుకా, మనిషికా అని. తర్వాత ఒంటె సవారీ ఎంతసేపో. చాలాచోట్ల అరగంట కూడా ఉండదు, ఆ తర్వాత ఇంకా ముందుకు వెళ్లాలంటే అక్కడికక్కడే బేరం. జీపు సఫారీ దాదాపు ఎప్పుడూ వేరే. ప్యాకేజీలో లేని ప్రతిదాని రేటూ ముందే వాట్సాప్‌లో రాయించుకోండి, అక్కడికి వెళ్లాక ఎవరి మాట ఎవరికీ గుర్తుండదు. పన్నులో కూడా ఒక చిన్న మెలిక ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి రోజుకు 7,500 రూపాయల దాకా ఉన్న బసకు జీఎస్టీ 5 శాతం, అది దాటితే 18 శాతం. అంటే 7,400కీ 7,900కీ తేడా ఐదొందలే కదా అనిపిస్తుంది, బిల్లు చేతికొచ్చేసరికి అది 1,550 దాకా అవుతుంది. క్రిస్మస్ నుంచి న్యూ ఇయర్ వరకు అయితే ఈ లెక్కలేవీ పనిచేయవు, అప్పుడు చెప్పిందే రేటు, గాలా డిన్నర్ పేరుతో తప్పనిసరి వడ్డింపు వేరే. సంక్రాంతి సెలవులు దాటి జనవరి చివర్లోనో ఫిబ్రవరిలోనో వెళ్లగలిగితే వాతావరణం అదే, జనం సగం. మాఘ పౌర్ణమి దగ్గర్లో జైసల్మేర్‌లో డెజర్ట్ ఫెస్టివల్ జరుగుతుంది, ఆ మూడు నాలుగు రోజులు మాత్రం మళ్లీ కిటకిట.

ఎవరి ద్వారా బుక్ చేస్తున్నారన్నదీ చూడాలి. రాజస్థాన్‌లో టూరిస్టుల మీద పడి హోటళ్లకు లాక్కెళ్లే దళారులను లపకా అంటారు. స్టేషన్ దగ్గర ఆటో ఎక్కగానే "మీరు బుక్ చేసింది మూసేశారు మేడమ్, ఇంకో మంచిది చూపిస్తా" అంటే కంగారు పడకుండా మీ క్యాంపుకి ఫోన్ చేయండి, అంతే.

ఫోన్‌లో అడగడం కూడా ఒక కళ. నేను మొదట్లో "ప్రశాంతంగా ఉంటుందా?" అని అడిగేదాన్ని, ప్రతివాడూ చాలా ప్రశాంతం మేడమ్ అనేవాడు. మనకేం కావాలో మన ప్రశ్నలోనే చెప్పేస్తే వాళ్లు అదే మనకు తిప్పి అప్పజెప్తారు. రెండోసారి గొంతులో ఏ భావమూ లేకుండా "డీజే ఎన్నింటి దాకా ఉంటుంది?" అన్నాను. ఒకాయన హుషారుగా "మీరు చాలనేదాకా మేడమ్, టెన్షన్ పడకండి!" అన్నాడు. ఆ క్యాంపు అక్కడితో కొట్టేశాం. ఇంకో ఆయన కాసేపు ఆగి "మా దగ్గర డీజే లేదు, మాంగణియార్ పాటగాళ్లు వస్తారు, తొమ్మిదిన్నరకి వెళ్లిపోతారు, వాళ్ల ఊరు దూరం" అన్నాడు. అలాగే "తిన్నెలు కనపడతాయా?" అని కాకుండా "టెంటు నుంచి నడిచి తిన్నె ఎక్కడానికి ఎంతసేపు?" అనండి. రివ్యూలలో ఐదు స్టార్లవీ ఒక స్టారువీ వదిలేసి మూడు స్టార్లవి చదవండి, నెల కూడా చూడండి; ఏప్రిల్‌లో వచ్చినవాడు ఎండ గురించి తిట్టింది జనవరిలో వెళ్లే మీకు పనికిరాదు.

మాంగణియార్ల పేరు వచ్చింది కాబట్టి ఒక మాట. వాళ్లు తరతరాలుగా పాడడమే వృత్తిగా ఉన్న ముస్లిం కుటుంబాలు, కమాయచా అనే తీగ వాద్యం, చేతి వేళ్ల మధ్య ఆడే ఖర్తాల్ చెక్కలు వాళ్ల సొత్తు. పాములాడించే కాల్బేలియా తెగ ఆడవాళ్లు ఆడే కాల్బేలియా నాచ్ 2010లో యునెస్కో జాబితాకెక్కింది. మైకు, సింథసైజర్ లేకుండా వీళ్లను పదడుగుల దూరంలో కూర్చుని వినడం, రికార్డు పాటకు స్టేజీ మీద గెంతులు చూడడం, రెండింటినీ బ్రోషర్లో కల్చరల్ ప్రోగ్రామ్ అనే ఒకే పేరుతో పిలుస్తారు. మీ క్యాంపులో ఉండేది ఈ రెండింటిలో ఏదో అడిగి తెలుసుకోండి.

వేళ గురించి మనకు తెలియని తమాషా ఒకటి ఉంది. మన దేశం గడియారం నడిచే 82.5 డిగ్రీల రేఖాంశం కాకినాడ దగ్గర్లోంచే వెళ్తుంది. జైసల్మేర్ 71 డిగ్రీల దగ్గర ఉంది. డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 46 నిమిషాల తేడా. దానికి తోడు ఉత్తరాన చలికాలం పగలు ఇంకొంచెం చిన్నది కాబట్టి, డిసెంబర్‌లో కాకినాడ కంటే దాదాపు గంట ఆలస్యంగా, ఏడున్నర కావస్తుండగా అక్కడ పొద్దు పొడుస్తుంది. ఐదింటికి అలారం పెట్టుకుని పిల్లల్ని లేపి తిన్నె మీద రెండు గంటలు వణకాల్సిన పని లేదు. పొద్దు కుంకేది ఆరింటికి అటూఇటూ. క్యాంపు చెక్ అవుట్ చాలాచోట్ల పదింటికే, అంటే మీరు కొనేది ఒక సాయంత్రం, ఒక రాత్రి, ఒక పొద్దున, అంతే. ఆ సాయంత్రాన్ని దారిలో పోగొట్టుకోకండి. జోధ్‌పూర్‌లో విమానం దిగి నేరుగా క్యాంపుకి అనుకుంటే జైసల్మేర్‌కే రోడ్డు మీద ఐదు గంటలు, అక్కడి నుంచి ఇంకో గంట. కాచిగూడ నుంచి జోధ్‌పూర్ పక్కనున్న భగత్ కీ కోఠీకి 2025 జూలైలో మొదలైన రైల్లో వచ్చేవాళ్లకూ ఇదే లెక్క. ముందురోజు రాత్రి జైసల్మేర్ పట్నంలో పడుకుని, మర్నాడు కోట చూసుకుని, దారిలో కుల్ధరా పాడుబడ్డ ఊళ్లో అరగంట ఆగి, నాలుగింటికల్లా క్యాంపు చేరడం హాయి. క్యాంపులో రెండు రాత్రులు వద్దు, రెండో పగలు ఎండలో చేసేదేమీ ఉండదు.

పంచాంగం కూడా చూడండి. పౌర్ణమి దగ్గరైతే ఇసుక పాలపిండిలా మెరుస్తుంది, నక్షత్రాలు పెద్దగా కనపడవు. అమావాస్య దగ్గరైతే ఆకాశం నిండిపోతుంది, కాలి కింద ఏముందో కనపడదు, టార్చి కావాలి. రెండూ ఒకే రాత్రి దొరకవు.

తిండి విషయంలో మనవాళ్లు ఇబ్బంది పడేది అన్నం దగ్గరే. దాల్ బాటీ చూర్మా, శనగపిండి గట్టే కూర, సజ్జ రొట్టె, కేర్ సాంగ్రీ పెడతారు, అన్నం ఏదో లాంఛనంగా ఉంటుంది, ఊరగాయ ప్యాకెట్ మనదే పెట్టుకెళ్లాలి. అన్నట్టు ఆ సాంగ్రీ ఏమిటో తెలుసా, మన జమ్మి చెట్టు కాయ. దసరాకి మనం మొక్కి ఆకు తెంపుకునే జమ్మినే అక్కడ ఖేజ్డీ అంటారు, కాయలు ఎండబెట్టి కూర వండుతారు. తెలంగాణకీ రాజస్థాన్‌కీ రెండింటికీ అదే రాష్ట్ర వృక్షం. ఈ ముక్క చెప్పాక అమ్మ రెండోసారి వడ్డించుకుంది.

ఒంటె ఎక్కేవాళ్లకు ఒక హెచ్చరిక: అది లేచేటప్పుడు ముందు వెనక కాళ్లు లేపుతుంది, మీరు ఒక్కసారిగా ముందుకు తూలుతారు, ఆ క్షణంలో వెనక్కి వాలి రెండు చేతులా పట్టుకోవాలి. కూర్చునేటప్పుడు ముందు కాళ్లు మడుస్తుంది, మళ్లీ అదే ఊపు. నడుం నొప్పి ఉన్న పెద్దవాళ్లను ఒంటె బండి ఎక్కించండి.

ఇంకొకటి, ఇది ఎవరూ బ్రోషర్లో రాయరు. సమ్, ఖూరీ చుట్టూ ఉన్నది 3,162 చదరపు కిలోమీటర్ల డెజర్ట్ నేషనల్ పార్క్, బట్టమేక పిట్టకు (ఇంగ్లీషులో గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) ఈ భూమ్మీద మిగిలిన ఆఖరి చోట్లలో ఒకటి. మన రోళ్లపాడులో 1988లో ఈ పిట్ట కోసమే అభయారణ్యం పెట్టారు, అక్కడ ఇప్పుడది దాదాపు కనుమరుగైంది. సమ్‌లో గుడ్లు పొదిగించి పిల్లల్ని పెంచే కేంద్రం నడుస్తోంది, దానికి కాస్త దూరంలోనే బాణసంచా, లేజర్ లైట్లు. లైట్లు, డీజే తక్కువున్న క్యాంపు మీ నిద్రకే కాదు, ఆ పిట్టకీ మేలు.

కచ్‌లోని ధోర్డో టెంట్ సిటీతో పోల్చి అడిగేవాళ్లుంటారు. అది వేరే వ్యవహారం: అక్కడుండేది ఉప్పు, అది వాన నీరు ఆరితేనే తెల్లబడుతుంది కాబట్టి డిసెంబర్ దాకా ఆగాలి, టెంట్లన్నీ ఒకేచోట పద్ధతిగా ఉంటాయి, ఎంచుకోవడంలో ఇంత తలనొప్పి లేదు. లడఖ్‌లోని హుండర్‌లో చలి ఎడారి ఉంది, అక్కడ టెంటు కంటే ముందు ఎత్తుకు ఒళ్లు అలవాటు పడడం గురించి ఆలోచించాలి.

రెండోసారి మేము ఖూరీ వైపు, తొమ్మిదిన్నరకి పాట ఆపేస్తామన్న ఆయన దగ్గరే దిగాం. అమావాస్యకు రెండు రోజుల ముందు. గుడిసె ఫొటోకి ఏమీ బాగోలేదు, చిన్న కిటికీ, పేడతో అలికిన గోడ, బాత్‌రూమ్ పది అడుగులు నడిచి వెళ్లాలి, దాని మీద మా ఆయన సణిగారు కూడా. తెల్లవారుజామున నాలుగున్నరకు అమ్మ ఆ బాత్‌రూమ్‌కని లేచి వెళ్లి ఎంతకీ రాలేదు. కంగారుగా బయటికొచ్చి చూస్తే శాలువా కప్పుకుని ఇసుకలో నిలబడి ఈశాన్యం వైపు తలెత్తి చూస్తోంది. సప్తర్షులు అంత స్పష్టంగా, అంత కిందికి దిగినట్టుగా నేనెప్పుడూ చూడలేదు. తోకలో రెండో చుక్క పక్కనే ఉన్న బుల్లి చుక్కని వేలితో చూపించి, "అదిగోనే అరుంధతి" అంది. "మా పెళ్లిలో పట్టపగలు పంతులుగారు వేలు పెట్టి చూపిస్తే షామియానా గుడ్డ కనపడింది, కనపడిందండీ అనేశాను. మీ నాన్నని లేపు, ఆయనా చూడలేదు."